గట్టిగా దగ్గు, బాబాయ్

ఒక్క నిమిషం ఆగండి. చేతిలో పని పక్కన పెట్టి, ఈ గదిలోంచి వచ్చే మాటలు వినండి.

"దగ్గు బాబాయ్. గట్టిగ."

"నొప్పే. కుట్లు తెగుతయే."

"తెగవు. దిండు ఛాతీకి అదిమి పట్టుకో. ఊఁ, దగ్గు."

"నిన్ను నర్సని ఎవరన్నరే? పోలీసులల్ల తీసుకోలేదా?"

"తీసుకుంటమన్నరు. నీకోసమే ఆగిన. ముందు దగ్గు."

పాల్వంచ క్వార్టర్స్‌లో వెంకటప్పయ్య మంచం దగ్గర రోజూ ఇదే తగువు. క్యాన్సరని హైదరాబాదులో ఆయన ఊపిరితిత్తి ఒకటి తీసేసి ఇంటికి పంపారు. వెనక లైనులో ఉండే నర్సు అంతోనమ్మ డ్యూటీ దిగి, తెల్లచీర కూడా మార్చుకోకుండా పరుగెత్తుకొచ్చేది. అరచేతులు దొప్పల్లా చేసి వీపు మీద తట్టేది, కూర్చోబెట్టి దగ్గించేది. కఫం లోపలే ఉండిపోతే మిగిలిన ఆ ఒక్క ఊపిరితిత్తికీ చీము పడుతుంది, ఇక మనిషి దక్కడు. అదే ఆమె భయం.

గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య భారతమ్మకు మాత్రం మొగుడి మూలుగే వినిపించేది.

"ఇగ చాలు బిడ్డా. చూడలేకపోతున్న."

"నువ్వు వంటింట్లకు పో పిన్నీ. ఇది నువ్వు చూసేది గాదు."

అలాంటిది ఉన్నట్టుండి వెంకటప్పయ్య దగ్గడం మానేశాడు. తట్టినా రాదు, తిట్టినా రాదు. మత్తుగా కళ్లు మూసుకుంటాడు.

"మొండికేస్తున్నవా బాబాయ్? బతకాలని లేదా?"

"వస్తలేదే... నిద్రొస్తాంది."

అంతోనమ్మ నమ్మలేదు. "చావాలనుంటే చెప్పు, నేను వచ్చుడు బంద్ జేస్త," అని కసిరి వెళ్లిపోయింది. ఆయనతో ఆమె అన్న ఆఖరి మాట అదే. తెల్లారేసరికి ఒళ్లు కాలిపోయే జ్వరం, ఆయాసం. జీపులో ఖమ్మం దవాఖానాకు చేరేలోపే ఊపిరి ఆగింది. లోపలంతా కఫమే, అన్నాడు డాక్టరు.

దినం నాడు అంతోనమ్మ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. వెంకటప్పయ్య అక్క పున్నమ్మ మొహం తిప్పుకుంది.

"దగ్గించి దగ్గించి మా తమ్ముణ్ని మింగింది. మళ్ల ఏ మొఖం పెట్టుకొని వచ్చిందో."

అంతోనమ్మ తల ఎత్తలేదు. ఆయన్ని అలా కసరకుండా ఉండాల్సింది, ఇంకాస్త బతిమాలి దగ్గించాల్సింది అని లోలోపలే కుమిలిపోతోంది. భారతమ్మే లేచి, చేయి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకెళ్లింది.

"ఆమె మాటలు మనసుల పెట్టుకోకు బిడ్డా. నీకు చాతనైంది నువ్వు చేసినవ్. నాకు చాతనైంది నేను చేసిన." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఆయన గోస చూడలేక, నీకు తెల్వకుంట దగ్గు ఆగే మందు తెప్పించి పొద్దుమాపు తాపిన. పోయేదాక మళ్ల ఒక్కసారి గూడ దగ్గలే. హాయిగ పండుకున్నడు. నాకు ఆ తృప్తి ఒక్కటే మిగిలింది. మంచిపనే చేసిన గదా?"

అంతోనమ్మ చేయి ఇంకా ఆమె చేతుల్లోనే ఉంది. మీరైతే ఏం చెబుతారు?