పందిరి కింది చోటు

ఒక్క గుమ్మడి ముక్కయినా కూరలో పడి ఉంటే, ఆ ఒక్క ముక్కే చాలు కదా, తెలిసే తిన్నదైతే ఆమె ముఖం అంత మామూలుగా ఉంటుందా... పెంచలకృష్ణ గిన్నె మూత తీసి వాసన చూశాడు. వంకాయ. తడ సంతలో తాను తెచ్చిందే.

“పోలీసోడి మాదిరి రోజూ గిన్నెల్లో తల పెడతావేంది మామా?” ధనలక్ష్మి నవ్వింది. “పెళ్లాం మీద నమ్మకం లేదా?”

“నమ్మకం కాదే. భయం.”

పెరటి గోడ అవతల ఒకప్పుడు పురుగుమందుల గోడౌను ఉండేది. కారిపోయిన డబ్బాలను ఈ పెరట్లోనే పూడ్చారని ఇల్లు కొన్నాక తెలిసింది. మట్టి పరీక్ష చేసిన టైటస్ సార్ గుమ్మడి పందిరి దగ్గర ఆగిపోయాడు.

“పాత మందు మట్టిని అంటుకొని ఉంటుందయ్యా, నీళ్లకి కదలదు. మిగతా మొక్కలు దాన్ని పెద్దగా తీసుకోవు. గుమ్మడి వేరు మాత్రం ఊడదీసి తీగలోకి, కాయలోకి లాగేస్తుంది. కడిగినా పోదు. కడుపుతో ఉన్న మనిషి ముట్టకూడదు.”

ఆనాటి నుంచి ఆ వేళ్లు అతని తలలో పాకుతూనే ఉన్నాయి. పీకేస్తానంటే ధనలక్ష్మి ఒప్పుకోలేదు.

“మా అమ్మ ఇచ్చిన గింజ మామా. కాయ ముట్టనని బిడ్డ మీద ఒట్టేసినా గదా! ఆ పందిరి కింద కూర్చుంటేనే నాకు ప్రాణం కుదురుగా ఉంటది. పాదుకి నీళ్లు పోస్తే వస్తదే, ఆ వాసన...” కళ్లు మూసుకుంది.

ఒట్టు వేసింది సరే. మరి అన్నం ఎందుకు వదిలేస్తోంది? పొద్దున ఆస్పత్రిలో నర్సమ్మ, “రక్తం బాగా తగ్గింది, ఏం తింటున్నావమ్మా?” అంటే ధనలక్ష్మి తల దించుకుంది. అది అతను చూశాడు.

దొంగతనంగా తింటోంది. పచ్చిదే కొరుకుతోందేమో.

పెరట్లోకి నడిచాడు. కాయలన్నీ పందిరికే ఉన్నాయి. అయినా మనసు ఒప్పుకోలేదు. పాదు చుట్టూ మళ్లీ చిన్న చిన్న గుంతలు. పందికొక్కులు కాబోలు, పాపం, వాటికేం తెలుసు!

“వద్దు మామా!”

వినలేదు. గుమ్మడి తీగ మొదలు రెండు చేతులా పట్టి లాగాడు. తెల్లటి వేళ్లు మట్టిని చీల్చుకుంటూ పైకి వచ్చాయి. గుండె తేలికపడింది. బిడ్డకు ఇక భయం లేదు.

వేళ్లను గోడవారన పడేసి తిరిగి చూస్తే, ధనలక్ష్మి ఆ గుంత పక్కన అటు తిరిగి కూర్చుని ఉంది. భుజాలు కదులుతున్నాయి.

“వేరే గింజ తెస్తాలే, ఏడవబాక.” దగ్గరికి వెళ్లి ఇటు తిప్పాడు.

ఆమె నోటి నిండా తడిమట్టి.