పైలట్ పోస్టు

"ఒక్క మాట చెప్పు. పోస్టు పైలట్‌దేనా?" రాచయ్య తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"పైలట్‌దే నాయినా." నవనాథ్ వంగి బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"మల్ల ఇంటర్వ్యూ గింటర్వ్యూ అని తిప్పరు గద?"

"అన్ని అయినయ్. ఇయ్యాల్నే డ్యూటీ."

రాచయ్య గోడకు చేరబడ్డాడు. కమలనగర్ పక్కనున్న నల్లరేగడి చేను అమ్మి కొడుకును విమానం నేర్చుకోవడానికి పంపినవాడు. కొడుక్కి లైసెన్సు వచ్చిన రోజున, "పైలట్ తండ్రినై వస్త. అప్పటిదాంక ఈ ఊరి మొఖం చూడ" అని నలుగురిలో అనేసి, పెళ్లాం అంబమ్మను తీసుకుని బీదర్ వచ్చి చిద్రి బస్తీలో ఒక గదిలో పడ్డాడు. ఒక కాంప్లెక్సుకు కాపలా కాస్తున్నాడు. సొంత తమ్ముడు ఈరయ్య బిడ్డ పెళ్లికి కూడా పోలేదు. ఏ మొఖం పెట్టుకుని పోతాడు?

దేశంలో పైలట్లు చాలడం లేదని టీవీల్లో మొత్తుకుంటారు. చిన్న ఊళ్లన్నిటికీ విమానాలు వేస్తాం, కొత్త పిల్లలు రావాలంటారు. వచ్చిన పిల్లలను గుమ్మంలోనే ఆపి, మా రకం విమానం మీద మళ్లీ నేర్చుకు రమ్మంటారు. అదీ మీ ఖర్చుతోనే అంటారు. అనుభవం ఏదంటారు. ఎక్కనిస్తే కదా అనుభవం! నవనాథ్‌ను పిలిచిన ఒకే ఒక్క చిన్న కంపెనీ, అతను చేరకముందే మూతపడింది. అప్పటినుంచి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పైన ఎయిర్‌ఫోర్స్ విమానం మోగినప్పుడల్లా దుప్పటి ముఖం మీదికి లాక్కునేవాడు.

అలాంటివాడు ఇవాళ తెల్లారేసరికి స్నానం చేసి తయారయ్యాడు.

"పెద్దదా, చిన్నదా?" రాచయ్య వదల్లేదు.

"చిన్నదే. ఎక్కువ మంది పట్టరు."

"చిన్నదే నయం. మొదలు చెయ్యి తిరగాలె. ఎక్కడెక్కడికి నడుపుతవ్?"

"కలబురగి, హైదరాబాద్... ఎటు పొమ్మంటే అటు."

"పక్కన ఇంకొకరుంటరట గద?"

"ఒకామె ఉంటది."

"అట్లనా!" రాచయ్య పగలబడి నవ్వాడు. ఆ ఇంట్లో నవ్వు వినిపించి చాలా కాలమైంది. "ఓ అంబమ్మా, ఇంటున్నవా? కోడల్ని గూడ ఆడ్నే చూసుకునేటట్టుండు!"

అంబమ్మ పెనం మీద జొన్నరొట్టె మాడుతున్నా తిప్పలేదు.

"లేటయితే ఎక్కినోళ్లు తిడతరా?"

"పానం మీదికొస్తది నాయినా."

"ఎందుకు రాదు? అందరి పానం నీ చేతిలనే ఉంటదాయె!"

నవనాథ్ లేచి అంగీ గుండీలు పెట్టుకోబోయాడు. ఒక గుండీ తప్పు కాజాలో పెట్టాడు. రాచయ్యే దగ్గరికొచ్చి మెడదాకా గుండీలు పెట్టి, భుజం మీద నలగని చోట కూడా చేత్తో సాపు చేశాడు.

"ఈరయ్యకు ఫోన్ గొట్టిన. రేపొద్దుగాల ఊరికొస్తున్న అని చెప్పిన. అందర్ని బస్టాండ్ కాడికి రమ్మన్న."

నవనాథ్ ముఖం పాలిపోయింది. "గంత జల్ది ఏమొచ్చె? కొన్నొద్దులు ఆగకపోతివా!"

"ఇంకెన్నొద్దులు ఆగాల్రా? పైలట్ అంటివి. అబద్ధమా?"

"అబద్ధం గాదు."

"మరి?"

నవనాథ్ నోరు తెరిచాడు. గల్లీలో హారన్ మోగింది. మూసుకున్నాడు.

"సూసినవా!" రాచయ్య ఎగిరి గంతేసినంత పని చేశాడు. "పైలట్లకు ఇంటికే బండి పంపుతరట. గా కాంప్లెక్సు సార్లు చెప్పంగ ఇన్న."

అంబమ్మ పరుగున వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "నువ్వు బయటికి పోకు. పోరన్ని పోనియ్యి."

"ఎందుకు పోవద్దే?"

ఆమె పట్టు బిగించింది.

"పైలట్ నవనాథ్ ఇల్లిదేనా?" బయటినుంచి ఎవరో గల్లీ అంతా వినపడేలా అరిచారు. "జల్ది రా అన్నా, నా షిఫ్టు అయిపాయె!"

"ఇదే! ఇదే పైలట్ ఇల్లు!" రాచయ్య చెయ్యి విడిపించుకుని, రుమాలు తలకు చుట్టుకుంటూ, కొడుకు కంటే ముందు వెళ్లి తలుపు బార్లా తీశాడు.

అంగీ జేబు మీద 'పైలట్' అని రాసున్న మనిషి తాళంచెవి చాచాడు. వెనక, డ్రైవర్ సీటు ఖాళీగా, 108 అంబులెన్సు.