ఇద్దరికి చాలని గది

...కొలత తప్పు కాదు, టేపు తనే పట్టాడు. మరి ముసురు పట్టినప్పుడల్లా ఆ గది ఎందుకు గుర్తొస్తోంది?

నందిగామ పంచాయతీ ఆఫీసు వరండాలో నిలబడి, ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు జగన్నాథరావు వానని చూస్తున్నాడు.

వేసవి చివర్లో జగ్గయ్యపేట నుంచి స్తెఫను అనే ముసలాయన ఎడ్లబండి మీద ఒక ఇంటిని తెచ్చాడు. సాగర్ డ్యాం పనుల దగ్గర వేలంలో అమ్మేసిన రేకులు, చెక్క పలకలు. ఆస్పత్రి పక్కన ఖాళీ జాగా ఉంది. జాగా గలాయన సరేనన్నాడు. పొద్దున బోల్టులు బిగించడం మొదలుపెడితే మధ్యాహ్నానికి గది లేచి నిలబడింది.

ఊరు నవ్వింది.

పక్కనే కిరాణా కొట్టు నడిపే వాసవాంబ మాత్రం నవ్వలేదు. తిన్నగా ఆఫీసుకొచ్చింది.

"అదీ ఒక ఇల్లేనాండీ? మా కొట్లో కందిపప్పు పెట్టె అంతకన్నా పెద్దది. పైగా లోపల ఎవరో ఒకటే దగ్గు. నా కొట్టుకెవరొస్తారు?"

"చూస్తానండి."

వెళ్ళి చూశాడు. పునాది లేదు. రోడ్డుకి వదలాల్సిన జాగా వదల్లేదు. వెడల్పు రూలులో సగం కూడా లేదు.

గోడని బయటి నుంచే కొలిచాడు, ఒక చేత్తో ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని. బండి కింద గోనె పరిచి ఉంది. ఎడ్లకేమో అనుకున్నాడు.

లోపల దగ్గు వినిపించింది. ఆడమనిషి దగ్గు.

టేపు చేతిలోంచి జారింది.

"లోపలికి రండి బాబూ, చూద్దురుగాని," అన్నాడు స్తెఫను. "రెండు పక్కలా కిటికీలు పెట్టా. గాలి బాగా ఆడుద్ది."

"అక్కర్లేదు. ఇది ఒక మనిషికే చాలదు. ఇద్దరెట్లా ఉంటున్నారయ్యా ఇందులో?"

స్తెఫను ఏదో చెప్పబోయి, కిటికీ వైపు చూసి మానేశాడు.

"వానలు వెలిసేదాకా ఆగండి బాబూ. రోజూ సూది వేయించాలి. ఆస్పత్రి దగ్గరని ఇక్కడ పెట్టా."

"నీ కూతురి కోసం ఊరి రూల్సు మార్చమంటావా? అద్దెకి ఏదైనా కొంప చూసుకో."

"దగ్గు వినపడితే అద్దెకెవరిస్తారండీ?"

"అదీ నేనే చూడాలా?"

'ఇద్దరి నివాసానికి తగదు' అని ఆర్డరు రాశాడు. రాసిన మాటలో అబద్ధం లేదు. రాయించింది మాత్రం ఆ దగ్గు.

చిన్నప్పుడు ఇలాంటి దగ్గే పట్టుకుంటే అమ్మని పశువుల పాకలో పడుకోబెట్టారు. తను గుమ్మం ఇవతలే కూచుని అన్నం గిన్నె లోపలికి తోసేవాడు. 'లోపలికి రారా' అని అమ్మ ఒక్కసారీ అనలేదు. పిలవలేదు కాబట్టే వెళ్ళలేదని ఇన్నేళ్ళూ తనకి తను చెప్పుకుంటూ వచ్చాడు.

ఈసారి పిలిచారు. అయినా వెళ్ళలేదు.

ఆర్డరు అందగానే స్తెఫను బోల్టులు విప్పి, పలకలు బండికెత్తాడు. వాటి మధ్య దుప్పటి కప్పుకుని ఆమె కూచుంది. బండి ఊరి హద్దు దాటి మునేరు ఒడ్డుకి పోయింది.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే అది ఆస్పత్రికి వచ్చేది. ఈ మధ్య ఆమె ఒక్కతే తోలుకురావడం చూశాడు. ముసలాయనకి విసుగు పుట్టిందేమో అనుకున్నాడు.

ఇప్పుడు అదే బండి ఆఫీసు ముందు ఆగింది. వెనక అవే పలకలు.

ఆమె దిగింది. మొహంలో కాస్త కళ వచ్చింది. దగ్గడం లేదు.

"నా పేరు జయమణి అండి. గది అప్పజెప్పి పోదామని వచ్చా."

"నాకు అప్పజెప్పడమేంటి? మీ నాన్నేడి?"

"మా నాన్న వీరులపాడులో ఉన్నాడండి. దగ్గని తెలిసినకాడ్నించీ వాకిట్లోకి కూడా రానివ్వలా."

"మరి స్తెఫను?"

"ఆయన నాకేమీ కాడండి. ఆస్పత్రి మెట్ల మీద పడుంటే చూసి, మర్నాడు ఈ గది తెచ్చి బిగించాడు. నాకన్నా ముందు జగ్గయ్యపేటలో ఇంకెవరికో బిగించాడంట."

ఆమె బండి వెనక్కి వెళ్ళి, పలకలకి కట్టిన తాడు విప్పసాగింది.

"ఏటి ఒడ్డున తడికి ఆయనకి నిమ్ము చేసిందండి. మొన్న పోయాడు. నన్ను ఆస్పత్రి ఆయా తన దగ్గర ఉండమంది. గదేమో మీకియ్యమన్నాడు. ఊళ్ళో ఎవరు దగ్గినా ఫిర్యాదు ముందు ఆఫీసరుగారికే పోద్ది, గది ఎవరికి కావాలో ఆయనకే తెలుస్తది అన్నాడు."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని జగన్నాథరావు ఆమె మొహంలోకి చూశాడు. లేదు.

"అంత చిన్న గదిలో... ఇద్దరూ..." అన్నాడు జగన్నాథరావు.

"ఇద్దరెక్కడండీ? ఆయన ఒక్క రాత్రి కూడా లోపల పడుకోలా. వానైనా చలైనా బండి కిందే, గోనె పరుచుకుని."

వాన కొంచెం పెరిగింది. ఆమె తలుపు పలక ఒక కొస పట్టుకుని దించబోయింది.

"ఎక్కడ పెట్టమంటారండీ?"

ఆఫీసు పెరడు ఆస్పత్రి గోడని ఆనుకునే ఉంది. రూలు ప్రకారం అక్కడ ఏదీ కట్టకూడదు.

"పెరట్లో బిగిద్దాం."

రుమాలు కోసం జేబులోకి పోయిన చేతిని జగన్నాథరావు ఖాళీగా బయటికి తీసి, వానలోకి దిగి, పలక రెండో కొస పట్టుకున్నాడు.