ఆ ఒక్క మాట తప్ప

“ఆగండి! కనకమ్మగారూ, మీరు ఆ మాట మళ్ళీ దాటేశారు” అన్నాడు నిరంజన్.

రొయ్యలు ఒలిచే షెడ్డులో ప్రమాణం సగంలో ఆగిపోయింది. ముందుకు చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి.

నిరంజన్ ఆ ఆకివీడు ప్లాంటుకి కొత్త మేనేజరు. హైదరాబాదు నుంచి వచ్చి వారం కూడా కాలేదు. పక్క ప్లాంటువాళ్ళు ఆటోలు పెట్టి మరీ మనుషుల్ని లాక్కుపోతుంటే, దానికి విరుగుడుగా ఈ ప్రమాణం తనే కనిపెట్టాడు. పని మొదలుపెట్టే ముందు ఆడవాళ్ళందరూ వరసగా నిలబడి, “ఈ కంపెనీలో విశ్వాసంగా పనిచేస్తాను” అనాలి. మనసులో లేని మాట నోటికి రాదని అతని సిద్ధాంతం. మనిషిని ఇట్టే పట్టేస్తానని అతనికి మహా ధీమా.

ఇవాళ కనకమ్మని సూపర్‌వైజరుగా ప్రకటించాలి. ఓనరుగారు నిన్ననే సెల్లులో చెప్పారు. ప్రమాణంలో అందరికన్నా గట్టిగా వినపడిన గొంతు కూడా ఆవిడదే. కానీ ‘విశ్వాసంగా’ దగ్గరకు వచ్చేసరికి ‘నమ్మకంగా’ అనేసి చక్కా ముందుకు పోయింది.

“రెండూ ఒకటే కదండీ” అంది కనకమ్మ, గ్లౌజులు తొడుక్కుంటూ.

“ఒకటే అయితే నేను రాసిందే అనండి.”

“అది నా నోట రాదండీ.”

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నిరంజన్ చెవులు వేడెక్కాయి.

“ఎందుకు రాదు? నోరు తిరగదా?”

“తిరగకేం? అనకూడదండీ, అంతే.”

“అనొద్దని పక్క ప్లాంటువాళ్ళు చెప్పారా?”

“భలేవారే! మా ఇంటి సంగతులు వాళ్ళకెందుకండీ?”

“పోనీ, ఆదివారం చర్చిలో అయినా అంటారా?”

“అక్కడా నమ్మకమనే అంటానండీ. పాస్టరుగారు ఏమీ అనుకోరు.”

ఈసారి వరసంతా గొల్లుమంది. యాస్మిన్‌కి నవ్వు ఆగక, రొయ్యల నీచు సంగతి కూడా మరిచి గ్లౌజు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ళంతా కలిసి తనని ఆటపట్టిస్తున్నారని నిరంజన్‌కి ఖాయమైపోయింది.

“సరే. ప్రమాణం చెయ్యడానికే వెనకాడే మనిషి చేతిలో షెడ్డు పెట్టలేను. హలీమాగారూ, ఇవాళ్టి నుంచి సూపర్‌వైజరు మీరే.”

“నేనా?” హలీమా వరస దాటి ముందుకొచ్చింది. “కనకమ్మక్క ఉండగా నేనా? ఐసులో నా వేళ్ళు కొంకర్లు పోతే, నన్ను కాటా దగ్గర కూర్చోబెట్టి నా చోట తను నిలబడిందండీ. ఒక్క మాట అనలేదని ఆవిణ్ణి కాదంటే, నేనూ గ్లౌజులు తీసేస్తాను.”

“నేనూ అంతే” అంది యాస్మిన్.

బయట రొయ్యల లారీ హారన్ మీద హారన్ కొడుతోంది.

“చాల్లెండర్రా!” అని కనకమ్మ కసిరింది. “సరుకు పాడైతే పోయేది మన పేరే. పదవి సంగతి తరవాత. ముందు బల్లల దగ్గరికి పదండి.”

అందరూ కదిలారు. ఒక్క మనిషి కూడా నిరంజన్ వైపు చూడలేదు. అది చూశాక అతనికి కొత్త భయం పట్టుకుంది. ఒక్క కసురుతో ఇంతమందిని బల్లల దగ్గరికి నడిపించిన మనిషి, రేపు మరో కసురుతో పక్క ప్లాంటుకి నడిపించదని నమ్మకమేమిటి? ఈ సంగతి ఇప్పుడే తేల్చెయ్యాలి.

సరిగ్గా అప్పుడే, రోడ్డుకి అవతల ఉన్న ఐసు ఫ్యాక్టరీ మనిషి బండి తోసుకుంటూ షెడ్డు గుమ్మం దగ్గరికి వచ్చాడు.

“అరుగో, కనకమ్మక్క వాళ్ళాయన. ఆయన్నే అడగండి మేనేజరుగారూ” అంది హలీమా, నవ్వు దాచుకుంటూ.

“నువ్వూరుకోవే!” అంటూ కనకమ్మ గబుక్కున కొళాయి వైపు తిరిగిపోయింది. అంతసేపూ తొణకని మనిషి చెవి తమ్మెలదాకా ఎర్రబడింది.

దొరికిపోయింది అనుకున్నాడు నిరంజన్. గబగబా వెళ్ళి ఐసు బండికి అడ్డంగా నిలబడ్డాడు.

“ఏవండీ, మీ ఆవిడ గురించి ఒక్క ప్రశ్న. దాచకుండా నిజం చెప్పాలి.”

“ఆయ్, అడగండి.”

“కనకమ్మగారికి అసలు విశ్వాసం ఉందా, లేదా?”

ఆయన తెల్లబోయాడు. తలపాగా తీసి, తన ఒంటిని తనే ఒకసారి పైనించి కిందికి చూసుకున్నాడు.

“లేకపోవడమేంటండీ బాబూ, విశ్వాసం అంటే నేనేనండీ!”