గట్టు మీద మినహాయింపు

చెరువు గట్టుకు ఎవరూ బొరియ పెట్టకూడదని ఆ అడవిలో కట్టుబాటు. ఒకరోజు పందికొక్కు అడవి పెద్దయిన తాబేలు దగ్గరికొచ్చింది.

"నాకొక్కదానికి కాస్త సడలించు తాతా. ఇళ్లు, గింజల కొట్టు, దారులు అన్నీ ఒక పద్ధతిగా గట్టులోనే కడతాను. బదులుగా కప్పపిల్లలు ఆడుకోవడానికి పెద్ద మైదానం ఇస్తాను."

"మరి చెరువు?"

"దానికీ ప్లాను ఉంది."

మైదానం అనగానే కప్పలు గంతులేశాయి. తాబేలు సరేనంది.

ఇళ్లు లేచాయి. కొట్టు నిండింది. మైదానం ఏదని అడిగినప్పుడల్లా "అది చివర్లో తాతా" అనేది పందికొక్కు.

బొరియల్లోంచి నీళ్లు కారి కారి, ఎండలు ముదరకముందే చెరువు అడుగు తేలింది. కప్పలు బురదలో గోల పెడుతూ పందికొక్కును పిలిచాయి. అది గట్టు మీద నిలబడి తీరిగ్గా కిందికి చూసింది.

"మాటిచ్చినట్టే ఇదిగో మైదానం. కాస్త ఆరాక పిల్లల్ని వదలండి."