స్పాంజి తలకు జబ్బు

“నీ యంత్రానికి కళ్ళు నెత్తికెక్కాయి. ఇవాళ దించుతాను చూడు!” అంటూ వదిన, తీగల టోపీలు ఆరబెట్టుకునే స్పాంజి తలను తెచ్చి రోగులు కూర్చునే కుర్చీలో నిలబెట్టింది.

ఆ ప్రయోగశాలలో ఇరవై రెండేళ్ళుగా రోగుల తలలకు ఆ టోపీలు తొడిగి, మెదడు సంకేతాలను గీతలుగా నమోదు చేస్తున్న టెక్నీషియన్ ఆమె. పార్కిన్సన్ వణుకును ఆ గీతల్లో కంటితోనే పట్టేది. ఇకమీదట ఆ పని ఆడపడుచు తయారుచేసిన కంప్యూటరు ప్రోగ్రాము చేస్తుందట. విభాగాధిపతి సంతకం ఒక్కటే తరువాయి. అది పడిన రోజున వదిన ఉద్యోగం ఊడుతుంది.

“వంద మంది రికార్డులు చూపించి నేర్పాను వదినా. తొంభై ఎనిమిది సరిగ్గా చెప్పింది. నీ ఏడుపు దేనికో నాకు తెలుసు.”

“ఎవరు తీసిన రికార్డులమ్మా? కుదురుగా కూర్చోలేని రోగులనందరినీ నాకు అంటగట్టి, బొమ్మల్లా కూర్చునే ఆరోగ్యవంతులను నువ్వు ఏరుకున్నావు. ఇంట్లో అంట్ల దగ్గరా ఇదే వరస!”

సంతకానికని కలం పట్టుకుని వచ్చిన విభాగాధిపతి గొంతు సవరించుకున్నాడు. “ఇంటి గొడవలు గుమ్మం బయట. ముందు పని కానివ్వండి.”

వదిన స్పాంజిని ఉప్పునీటితో తడిపి, దాని మీద టోపీ తొడిగింది. తీగలన్నిటినీ కట్టగా చేర్చి ఎడమ అరచేతిలోకి తీసుకుని, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంది. తీగలు వేలాడితే టోపీ జారుతుందని మొదటినుంచీ ఆమెకదే అలవాటు.

ఆడపడుచు పళ్ళు బిగించి మీట నొక్కింది. అర నిమిషం గడిచింది. తెర మీద అక్షరాలు వెలిగాయి.

‘పార్కిన్సన్ వణుకు ఉంది. నమ్మకం: తొంభై ఏడు శాతం.’

వదిన పగలబడి నవ్వింది. “పాపం, స్పాంజికి జబ్బు! మందులు రాయండి సార్. పెళ్ళాం పిల్లలున్నారేమో, వాళ్ళకూ ఓ మాట చెప్పి పంపండి!”

విభాగాధిపతి కలానికి మూత పెట్టేశాడు. “ఈ చెత్త మళ్ళీ నా బల్ల మీదికి రాకూడదమ్మాయ్.”

ఆడపడుచు ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా తెర మీది గీతకేసి కళ్ళు చికిలించి చూసింది. “ఒక్క నిమిషం సార్. స్పాంజికి మెదడు లేదు. సెకనుకు అయిదుసార్లు ఊగుతున్నది ఇంకేదో... వదినా, ఆ తీగలు బల్ల మీద పెట్టు.”

“ఓడిపోయాక ఇక వంకలా?” వదిన తీగల కట్టను బల్ల మీదికి విసిరింది.

గీత చదునైపోయింది. ‘వణుకు లేదు’ అంది తెర.

“చూశారా సార్! నిమిషానికో మాట! దీన్ని నమ్మి నన్ను పొమ్మంటున్నారు!”

ఎవరూ నవ్వలేదు. ఎవరూ తెరవైపు చూడటం లేదు కూడా. వాళ్ళ చూపుల వెంట వదిన తన ఒడిలోకి చూసుకుంది: ఖాళీగా పడి ఉన్న ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలి మీద కనిపించని మాత్ర ఏదో నలుపుతున్నట్టు, సెకనుకు అయిదుసార్లు కదులుతోంది.