ఘాటు మిరప

కృపావతి వీడియో పెట్టిందంటే చాలు, కింద మొదటి కామెంట్ ‘ఘాటు మిరప’దే.

టైడా దగ్గర కొండవాలులో కృపావతి ఇల్లు. పెరట్లో పొయ్యి వెలిగించి లేత వెదురు కొమ్ముల కూర, చోడి అంబలి, అదే రాగి జావ, వండి చూపిస్తుంది. చూసినవాళ్లంతా నోరూరిందని రాస్తారు. ఘాటు మిరప మాత్రం అసలు పేరు చెప్పదు, ముఖం చూపించదు. ఎర్ర మిరపకాయ బొమ్మ వెనక దాక్కుని కారం చల్లుతుంది.

“అంబలా అది? గోడకి అలికే బురదనుకున్నాను.”

“ఆ గొంతేటి, సొరంగంలో రైలు కూసినట్టు!”

“పొయ్యి ముందు చెంగు అలాగ వదిలేత్తారా? అంటుకుంటే తెలుత్తాది, బుర్రలేని గుంట.”

కృపావతి భర్త ఫల్గుణ టూరిస్టులకు జీపు నడుపుతాడు. ఆ కామెంట్లు చదివినప్పుడల్లా ఉడికిపోయేవాడు.

“ఎవడో పనీపాటా నేనోడు. నిన్ను నలుగురు మెచ్చుకుంటే ఓర్సుకోనేక పోతన్నాడు. బ్లాక్ సెయ్యి.”

“పోనీలే మావా” అనేది కృపావతి. తర్వాతి వీడియోలో చెంగు బొడ్లో దోపుకుని కనిపించింది.

వానలు ముదిరాక ఘాటు మిరప మాయమైంది. ఏ వీడియో కింద చూసినా పొగడ్తలే.

“పీడ పోయింది” అన్నాడు ఫల్గుణ హాయిగా.

కృపావతికి మాత్రం ముద్ద దిగలేదు. సిగ్నల్ కోసం పెరట్లోని బండరాయి ఎక్కి ఫోను పైకెత్తి పట్టుకునేది. కామెంట్లన్నీ కిందికీ పైకీ జరిపి చూసేది.

“ఏటి ఎతుకుతన్నావు?”

“ఏం నేదు.”

ఒక ఉదయం వెదురు కొమ్ముల కూర ఉడుకుతుండగా గుప్పెడు బెల్లం తీసి అందులో పడేసింది.

“మా పుట్టింట్లో ఇలాగే సేత్తాం” అంది కెమెరా వైపు చూసి, నవ్వు ఆపుకుంటూ.

వీడియో తీస్తున్న ఫల్గుణ గుడ్లు తేలేశాడు. “పిచ్చెక్కిందేటి? ఇయ్యాల నిన్ను ఉతికారేత్తారు!”

సాయంత్రం కాకుండానే మిరపకాయ బొమ్మ ప్రత్యక్షమైంది.

“బెల్లమా! జొరం తగ్గి లేసి సూద్దును కదా, మళ్లీ జొరం తగిలింది. నీకు వంట నేర్పినోళ్ల పరువు తీసేసినావు.”

కృపావతి పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఫల్గుణ ఆ కన్నీళ్లే చూశాడు. ఫోను లాక్కున్నాడు. “ఇంక నాను ఊరుకోను. నానే బ్లాక్ సేసేత్తాను.”

కృపావతి అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“వద్దు మావా, తోట పంపకాల్లో గొడవైన కాడినుంచి మా అక్క నాతో మాటాడతన్నది అక్కడొక్క సోటే!”